చేతి కొలత మారింది

లాడ్ బజార్‌కు ఆ సాయంత్రం నేను గాజుల కోసం వెళ్లలేదు. రాజీనామా లేఖ నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని పొద్దున ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం దాకా దాన్ని బయటికి తీయలేకపోయాను. ఇంటికి పోబుద్ధి కాలేదు. మా పుట్టిల్లు గౌలిపురా. మనసు బాగోకపోతే నా కాళ్లు పాతబస్తీ వైపే పోతాయి. మదీనా దగ్గర బస్సు దిగి, పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నుంచి నడిచి, చార్మినార్ పక్కన తిరిగేసరికి గాజుల దుకాణాల్లో లైట్లు వెలిగాయి.

ఒక దుకాణం గడపలో ముసలాయన కుంపటి ముందు కూర్చుని పని చేస్తున్నాడు. నిలబడి చూశాను. వేడికి మెత్తబడిన లక్కను చెక్కతో ఒత్తి, కడ్డీలా సాగదీసి, వంచి రెండు కొసలూ అతికించాడు. కొలత కర్రకు తొడిగి గుండ్రంగా తిప్పాడు. వేడి ఆరకముందే సూది మొనతో ఒక్కో రాయీ ఎత్తి లక్కలోకి అదిమాడు. వేడి ఎక్కువుంటే రాయి మునిగిపోతుంది, తగ్గితే పట్టదు. ఆ రెంటి మధ్యా ఉండేవి కొన్ని క్షణాలే. వాటి కోసం ఆయన గడియారం చూడలేదు, లక్కను ముట్టుకుని కూడా చూడలేదు. ఈ లక్కగాజులకే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పత్రంలో పట్టని సంగతి ఆ వేళ్లలో ఉంది.

తలెత్తి నా చేతివంక ఒకసారి చూసి, “రెండు-ఆరు” అన్నాడు.

“కాదు చాచా, నాది రెండు-నాలుగు. పెళ్లప్పటి నుంచి అదే.”

“పెళ్లయి ఎన్నేండ్లయింది బేటీ?”

“పద్దెనిమిది.”

“మరి చెయ్యి అట్లనే ఉంటదా? ఇట్ల ముడువు.”

బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల మీద మెల్లగా ఒత్తి, రెండు-ఆరు గాజు తొడిగాడు. జారిపోయినట్టు ఎక్కింది. పద్దెనిమిదేళ్లుగా నేను ప్రతి దుకాణంలోనూ రెండు-నాలుగే అడిగాను. సబ్బు నురగ రాసుకుని, ఎముక నొప్పి పుట్టేలా ఎక్కించుకుని, గాజులంటే ఇంతే కాబోలు అనుకున్నాను. చెయ్యి మారిందన్న సంగతి నా చేతికి తెలుసు, నాకే తెలియదు. ఆ రాత్రి బస్సులో కూర్చుని లేఖను మళ్లీ చదువుకున్నాను. అందులో రాసిన కారణాలు ఒక్కటీ అసలు కారణం కాదని అప్పుడు తెలిసింది.

‘ఎందుకో అనిపిస్తోంది’

నలభై దాటిన ఉద్యోగినులు నలుగురు ఒకచోట కూర్చుంటే ఈ మాట వినిపిస్తుంది. టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా సరే. “జీతానికేం లోటు లేదు. పేరు కూడా ఉంది. అయినా ఎందుకో ఇక చాలనిపిస్తోంది.” ఎందుకని అడిగితే చెప్పలేరు. చెప్పలేనందుకు తామే సిగ్గుపడతారు. పిల్లవాడి పదో తరగతి, అత్తగారి మోకాళ్లు, ఇంటి ఈఎమ్ఐ, ఒంట్లో వచ్చే వేడి ఆవిర్లు అన్నీ ఒకే ఏడాదిలో మీదపడే వయసది. వాటి మధ్య ఒక ‘అనిపించడాన్ని’ పట్టుకుని కూర్చోవడం స్వార్థమన్నట్టు మనకు నేర్పారు. పుస్తకాల్లో దీన్ని అంతఃస్ఫురణ అంటారు. మన ఇళ్లల్లో ‘మనసొప్పడం లేదు’ అంటారు. నాకు రెండో మాటే ఇష్టం. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మనసుకున్న హక్కు అని ఆ మాటలోనే ఉంది.

మనసొప్పకపోవడం గాలిలోంచి వచ్చేది కాదు. ఆర్థికశాస్త్రంలో 1978లో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆడేవాళ్లను ఏళ్లతరబడి గమనించి ఒక మాట తేల్చారు. ఆటలో పండినవాడు బల్లను చూడగానే ఎత్తు తడుతుంది, కానీ అది మాయ కాదు. అలాంటి బల్లలను వేలసార్లు చూసి ఉండటం వల్ల వచ్చిన గుర్తింపు అది. లాడ్ బజార్ చాచా నా చెయ్యి చూసి కొలత చెప్పిందీ అలాగే. ఎన్ని వేల చేతులు ఆయన ముందు ముడుచుకున్నాయో!

దీనికొక హద్దుందని కూడా తెలుసుకోవాలి. మనిషి తీర్పులు ఎక్కడెక్కడ తప్పుతాయో జీవితమంతా వెతికిన డేనియల్ కానెమన్, అనుభవజ్ఞుల స్ఫురణను నమ్మే గ్యారీ క్లైన్, ఇద్దరూ కలిసి 2009లో ఒక వ్యాసం రాశారు. వాదించుకుందామని మొదలుపెట్టినవాళ్లు చివరికి ఒకచోట కలిశారు. పనిలో ఒక క్రమం ఉండి, చేసినదాని ఫలితం వెంటవెంటనే కళ్లబడే చోట మాత్రమే స్ఫురణను నమ్మవచ్చు. ఆ వ్యాసం చదివాక నా లేఖ నాకు వేరుగా కనిపించింది. పంతొమ్మిదేళ్లు చేసిన పని గురించి నా మనసు ‘ఇక్కడ కాదు’ అంటే దానికి పంతొమ్మిదేళ్ల సాక్ష్యం ఉంది, నమ్మాలి. ‘అక్కడైతే బాగుంటుంది’ అంటే మాత్రం దానికి సాక్ష్యం లేదు. అక్కడికి ఇంకా వెళ్లనే లేదు కదా. వెళ్లి, చూసి, కొన్నాళ్లు చేసి రావాలి. ‘ఇక్కడ కాదు’, ‘అక్కడ’ అన్నవి రెండూ ఒకే గొంతుతో వినిపిస్తాయి. విడదీసి వినడానికే నాకు ఏడాది పట్టింది.

చుక్కచుక్కగా క్లోరోఫాం

ఈ విడదీయడాన్ని నూరేళ్ల కిందటే చేసి చూపిన ఒకామె మన మూసీ ఒడ్డున పనిచేసింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, అంటే నేటి ఉస్మానియా ఆసుపత్రి ముందునుంచి ఎన్నోసార్లు వెళ్లాను. ఆమె పేరు మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీ కుటుంబం. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన కొద్దిమంది అమ్మాయిల్లో ఒకరు. 1889లో చదువు పూర్తిచేసి మత్తు ఇచ్చే పనిలోకి దిగారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని చెబుతారు.

ఆ రోజుల్లో క్లోరోఫాం అంటే హైదరాబాదే. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను రప్పించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. లారీ సిద్ధాంతం ఒకటే: రోగి నాడి చూడకండి, ఊపిరి చూడండి. ఊపిరి సవ్యంగా ఉంటే గుండెకు భయం లేదు. ఆ మాట పట్టుకుని చేసిన శస్త్రచికిత్సలకు లెక్కలేదు.

ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. ముఖం మీద గుడ్డ, దాని మీద చుక్కచుక్కగా పడే మందు. ఇవ్వాల్సినదానికంటే ఒక చుక్క ఎక్కువైనా, తక్కువైనా ముప్పే. యంత్రం లేదు, తెర లేదు. ఊపిరి చప్పుడులో వచ్చే చిన్న మార్పును చెవి పట్టుకోవాలి. ఇరవై ఏళ్లు ఇలా రోగుల తలల దగ్గర నిలబడ్డ మనిషి చేతికి ఎంత తెలిసి ఉంటుంది!

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నీటిపాలైంది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును ఇప్పటికీ చూడవచ్చు. ఆ మరుసటి ఏడాదే, 1909లో, రూపాబాయి ఓడెక్కి ఎడిన్‌బరో వెళ్లారు. భౌతిక, రసాయన శాస్త్రాలు చదవడానికి! అప్పటికి ఇరవై ఏళ్ల సర్వీసు. చేతిలో ఉన్న పనిని వదిలి, తనకంటే ఎంతో చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి సముద్రం దాటారు. తాను రోజూ చేసే పనికి అడుగున ఏముందో తెలుసుకోవాలనిపించిందన్న మాట. తిరిగి వచ్చి మళ్లీ మత్తు వైద్యమే చేశారు. క్లోరోఫాం ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో పదవీ విరమణ చేశారు.

కొసమెరుపు వేరే ఉంది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు క్లోరోఫాం పలచగా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోగలదని నిరూపించాడు. లారీ పొరబడ్డాడు. ఏళ్లతరబడి ఊపిరి ఒక్కటే చూసిన అనుభవం నిజమే, కానీ చూడనిది ఇంకొకటి పక్కనే ఉంది. అందుకే నాకు రూపాబాయి ఎడిన్‌బరో ప్రయాణం అంత గొప్పగా తోస్తుంది. చేతికి తెలిసినదాన్ని ఆమె తక్కువ చేయలేదు, అదే చాలని కూర్చోనూ లేదు.

ఉద్యోగం మారడమంటే గుమ్మం దాటి పోవడమే కానక్కరలేదని కూడా ఆమె నాకు చెప్పింది. కొందరికి అదే పనిలో ఇంకా లోతుకు దిగడమే మార్పు.

సుల్తాన్‌షాహీ గల్లీలో

1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది. పక్కన అరవై ఏళ్ల విదేశీయుడు. విమానంలో ఏడ్చే పిల్లలు మామూలే. ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియాకు మాత్రం ఆ ఏడుపు మామూలుగా అనిపించలేదు. దగ్గరికెళ్లి అడిగింది. పాతబస్తీ పిల్లను పెళ్లి పేరుతో తీసుకుపోతున్నారని తెలిసింది. ఢిల్లీలో విమానం దిగేసరికి పోలీసులు వచ్చారు. పాతబస్తీ కాంట్రాక్టు పెళ్లిళ్ల గురించి దేశమంతా మాట్లాడింది ఆ తర్వాతే. ఒక ఉద్యోగిని ‘ఎందుకో అనిపించి’ నడవలో రెండడుగులు వెనక్కి వేసినందుకు.

ఆ పాతబస్తీ గల్లీల్లోనే పదకొండేళ్ల తర్వాత షాహీన్ సంస్థ పుట్టింది. స్థాపించినవారు జమీలా నిషాత్. 1955లో హైదరాబాద్‌లో పుట్టిన కవయిత్రి, ఇంగ్లీషు పాఠాలు చెప్పిన టీచరు. దక్కనీలో, అంటే ఇక్కడి ఆడవాళ్లు వంటింట్లోనూ నల్లా దగ్గరా మాట్లాడే ఉర్దూలో కవిత్వం రాశారు. పండిత ఉర్దూ పక్కన ఆ భాషను చిన్నచూపు చూసేవాళ్లకు కొదవలేదు. 2002లో, నలభై ఏడేళ్ల వయసులో, పాతబస్తీ ఆడవాళ్ల కోసం షాహీన్ మొదలుపెట్టారు. షాహీన్ అంటే డేగ. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లు, కాంట్రాక్టు పెళ్లిళ్లకు బలయ్యే పిల్లలు, బడి మానేసిన అమ్మాయిలు, ముస్లిం, దళిత బస్తీల వాళ్లు కలిసి కూర్చునే చోటది. కుట్టుపని, మెహందీ, కంప్యూటరు నేర్పుతారు. అన్నిటికంటే ముందు చెప్పుకోనిస్తారు.

చూసేవాళ్లకు టీచరు, కవి, కార్యకర్త మూడు వేరువేరు బతుకులు. నాకలా అనిపించదు. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఈవేళ ఎవరు మాట్లాడటం లేదో మంచి టీచరుకు హాజరుపట్టీ చూడకుండానే తెలుస్తుంది. కవికి ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం వినిపిస్తుంది. సుల్తాన్‌షాహీలో గడప దగ్గర తలుపు సందులోంచి మాట్లాడే ఆడమనిషి ముందు ఈ రెండు చెవులూ పనికొచ్చేవే. కొత్త పనిలోకి పాత పని అంతా మోసుకుపోతాం. ‘ఇన్నేళ్లూ వృథా చేశానా’ అని బాధపడే స్నేహితురాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క మాటే.

ఊర్మిళ తలుపులు

మన అమ్మమ్మలు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాట తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. అన్నతో అడవికి పోయిన లక్ష్మణుడు వచ్చేదాకా పద్నాలుగేళ్లు ఊర్మిళ నిద్రపోయింది. రచయిత్రి ఓల్గా తన ‘విముక్త’లో ఆ నిద్రగది తలుపులు తెరిచి చూశారు. ఆ కథలో ఊర్మిళ నిద్రపోలేదు. మొదట కోపం, దుఃఖం, ఆ తర్వాత ఆ కోపాన్నీ దుఃఖాన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగడం. నేనెవరిని, నా మీద అధికారం ఎవరిది, ఎందుకు? బయటివాళ్లకు నిద్రలా కనిపించింది లోపల జరిగిన విచారణ. 2015లో ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఓల్గా సొంత దారి చూడండి. 1973 నుంచి పదమూడేళ్లు తెనాలిలో కాలేజీ లెక్చరరు. 1986లో, ముప్ఫై ఆరో ఏట, ఆ ఉద్యోగం వదిలి హైదరాబాద్ వచ్చి ఉషాకిరణ్ మూవీస్‌లో స్క్రిప్టు విభాగంలో చేరారు. పెళ్లి, ఉద్యోగం, రాజకీయం మధ్య తన చోటు వెతుక్కునే స్త్రీ కథ ‘స్వేచ్ఛ’ ఆ మరుసటి ఏడాది వచ్చింది. 1991లో మిత్రులతో కలిసి స్త్రీల సంస్థ అస్మిత ఏర్పాటులో పాలుపంచుకున్నారు. ఉషాకిరణ్‌లో మాత్రం 1995 దాకా కొనసాగారు. అంటే నాలుగేళ్లు రెండు పడవలూ పక్కపక్కనే నడిచాయి. రెండు పడవల మీద కాలు వద్దని సామెత చెబుతుంది. ఆడవాళ్ల విషయంలో నేనా సామెతతో ఏకీభవించను. ఒక పడవ నిలబడుతుందో లేదో తెలిసేదాకా రెండో దానిలోంచి కాలు తీయకపోవడంలో తప్పేముంది? ఉద్యోగాలు మారినవాళ్లను వెతికి వెతికి మాట్లాడించిన హెర్మీనియా ఇబార్రా 2003లో ఒక పుస్తకం తెచ్చారు. ముందు అంతా ఆలోచించి ఆ తర్వాత దూకేవాళ్లు తక్కువట. చిన్నచిన్నగా చేసి చూస్తూ, ఆ చేతల్లోనే తామేమిటో తెలుసుకున్నవాళ్లే ఎక్కువ. తెనాలి నుంచి హైదరాబాద్ దాకా ఉన్న దారి ఆ మాటకు సాక్ష్యంలా ఉంటుంది.

రచయిత్రి అబ్బూరి ఛాయాదేవి గారిది ఇంకో తీరు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్. 1982లో, యాభై నిండకముందే, స్వచ్ఛందంగా విరమించుకున్నారు. ఎక్కడికో ఎదగడానికి కాదు. తన గొంతు తాను వినేంత నిశ్శబ్దం కోసమని వారి రచనలు చదివినప్పుడు నాకు తోస్తుంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల్ని శ్రద్ధగా తెలుగులోకి తెచ్చింది ఆమే. కుండీలో కత్తిరించి కత్తిరించి పెంచిన మరుగుజ్జు చెట్టులో ఆడపిల్లల పెంపకాన్ని చూపిన కథ ‘బోన్‌సాయ్ బ్రతుకు’ కూడా ఆమెదే. 2005లో అకాడమీ అవార్డు అందుకున్న కథల సంపుటి పేరు ‘తన మార్గం’. ఆ పేరు పుస్తకానికే కాదు, ఆమెకూ సరిపోయింది.

ఇక్కడొక మాట చెప్పకపోతే మనసొప్పదు. తలుపులు వేసుకునే వీలు ఎందరికుంది? ఊర్మిళది అంతఃపురం. లక్కగాజుల మీద రాళ్లు అతికించే ఇంటిపని తెచ్చుకుని, డజనుకింత చొప్పున కూలి తీసుకునే పాతబస్తీ తల్లికి ఆలోచించుకోవడానికి ఒక గది కాదు, అరగంట కూడా దొరకదు. అందుకే ‘సెలవు పెట్టి ఎక్కడికైనా వెళ్లి ధ్యానం చేయండి’ అని సలహా ఇచ్చే పుస్తకాలు చదివితే నాకు కోపం వస్తుంది. ఆ తల్లికి పనికిరాని ఆలోచన నాకూ వద్దు. షాహీన్ లాంటి చోట్ల ఆడవాళ్లు వలయంగా కూర్చుని చెప్పుకోవడం కూడా ఆత్మపరిశీలనే. ఒంటరిగా దొరకని నిశ్శబ్దం ఒక్కోసారి నలుగురిలో దొరుకుతుంది.

“పైసల లెక్క సుత రాసుకో”

లేఖ సంగతి ముందుగా అమ్మకు చెప్పాను. లాల్‌దర్వాజ బోనాల ముందు వారం. అమ్మ కొత్త కుండకు సున్నం, పసుపు పూస్తోంది. చెయ్యి ఆపకుండానే విన్నది.

“అనిపిచ్చుడు మంచిదే బిడ్డా. అమ్మవారే అనిపిస్తదనుకో. పైసల లెక్క సుత రాసుకో.”

లెక్కల విభాగంలో పంతొమ్మిదేళ్లు పనిచేసినదాన్ని, నా ఇంటి లెక్క నేను ఏనాడూ కాగితం మీద పెట్టలేదు. ఆ రాత్రి పెట్టాను. నెలకు ఇంటికి కచ్చితంగా కావలసింది ఎంత. నా జీతం ఆగితే ఆయన జీతంతో ఎన్ని నెలలు. ఐదేళ్ల సర్వీసు నిండినవాళ్లకు గ్రాట్యుటీ కింద ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున వస్తుందని అందరికీ తెలుసు, నాకెంత వస్తుందో మాత్రం నేను వేసి చూడలేదు. పీఎఫ్ ఖాతాలో నామినీగా ఇంకా మా నాన్న పేరే ఉంది. నాన్న పోయి ఆరేళ్లు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, అందులో అత్తగారు కూడా ఉన్నారు. విడిగా బీమా తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు కొన్నాళ్లు ఆగాలి. కాబట్టి అది రాజీనామాకు ముందే తీసుకోవాలి. ఈ ఒక్క వాక్యమే నా లేఖను నెలల పాటు ఆపింది. ఆపినందుకు ఇవాళ సంతోషిస్తున్నాను.

లెక్క రాయగానే ఇంకో మార్పు జరిగింది. అప్పటిదాకా భయమూ స్ఫురణా కలగలిసి ఒకే ముద్దగా ఉండేవి. అంకెలు పడ్డాక భయం చిన్నబోయింది. ‘డబ్బు చాలదేమో’ అన్నది భయం, దానికి జవాబు దొరికింది. జవాబు దొరికాక కూడా మిగిలి ఉన్నదే మనసు చెబుతున్న అసలు మాట.

చదువుకోవాలనిపించేవాళ్లకు మన ఊళ్లోనే దారులున్నాయి. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది హైదరాబాద్‌లోనే, ఇవాళ్టి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉర్దూ మాధ్యమంలో చదివినవాళ్లకు 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయంలో దూరవిద్య ఉంది. సైన్సు చదివి, పిల్లల కోసం పని మానేసినవాళ్లు మళ్లీ పరిశోధనకు రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మహిళా శాస్త్రవేత్తలకు ప్రత్యేకంగా ఫెలోషిప్పులు ఇస్తోంది. సొంతంగా వ్యాపారం పెట్టుకునేవాళ్లకు తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన వీ హబ్ ఉంది. పాతబస్తీ నుంచి వీటిలో కొన్నిటికి రెండు బస్సులు మారాలి. అది చిన్న సంగతి కాదని రెండు బస్సులు మారినవాళ్లకే తెలుసు.

లోపలి వైపు నూలు

సురయ్యా హసన్ బోస్ గురించి చెప్పకుండా ముగించలేను. 1928లో పుట్టి 2021లో కన్నుమూశారు. ఢిల్లీలో చేనేత ఎగుమతుల ప్రభుత్వ సంస్థలో పనిచేసి, నడివయసులో హైదరాబాద్ తిరిగి వచ్చి, దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర మగ్గాలు పెట్టారు. అంతరించిపోతున్న హిమ్రూ, మష్రూ నేతలను మళ్లీ బతికించారు. మగ్గం మీద కూర్చోబెట్టింది ఎక్కువగా ఆడవాళ్లను, వాళ్లలో భర్త పోయినవాళ్లు చాలామంది. మష్రూ గుడ్డ ఒకసారి పట్టుకుని చూడండి. పైకి పట్టు మెరుస్తుంది. ఒంటికి తగిలే వైపు నూలు. అచ్చమైన పట్టు ఒంటికి తగలకూడదనుకున్న ముస్లిం మగవాళ్ల కోసం పుట్టిన నేత అది. నా ఉద్యోగం ఇన్నాళ్లూ పైకి మెరిసింది, ఒంటికి తగిలే వైపు ఏముందో తడిమి చూసుకోలేదు.

చూసుకోవడానికి నేను చేసిందల్లా ఒక పని. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని, పడుకునే ముందు రెండే వాక్యాలు రాశాను. ఈవేళ ఏం చేస్తున్నప్పుడు టైము తెలియలేదు. ఏం చేస్తున్నప్పుడు మెడ బిగుసుకుంది. అంతే. నిద్రొచ్చినా రాశాను. జ్వరమొచ్చిన రోజు ‘జ్వరం’ అని రాశాను. మూడు నెలలయ్యాక ఒక ఆదివారం కూర్చుని మొత్తం చదివాను. మెడ బిగుసుకున్న వాక్యాల్లో నా పైఅధికారి లేడు! ప్రమోషన్ రాకపోవడం కూడా లేదు. లేఖలో రాసినవన్నీ అవే. ఇక టైము తెలియనివాటిలో ఒక్కసారి కూడా లెడ్జరు లేదు. మదీనా బస్టాపులో నిమ్మకాయలమ్మే ఆవిడ లెక్కకట్టే తీరు, పక్కసీటు నర్సమ్మ చెప్పిన రాత్రి డ్యూటీ కథ, చాచా కుంపటి, అమ్మ పూసే సున్నం. అన్నీ మనుషులే. వాళ్లను నేను కాగితం మీద పెట్టుకుంటున్నాను. నేను ఏం కావాలనుకుంటున్నానో నాకంటే ముందే నోటుపుస్తకం రాసేసింది.

అయినా వెంటనే లేఖ ఇవ్వలేదు. ‘అక్కడ’ అని చెప్పే గొంతుకు సాక్ష్యం కావాలి కదా. ఎనిమిది నెలలు ఆదివారాలు వ్యాసాలు రాశాను. మొదటి నాలుగు తిరిగొచ్చాయి. ఐదోది అచ్చయింది. పాతబస్తీ నల్లాల మీద రాసింది. దానికి వచ్చిన పారితోషికం నా ఒక్కరోజు జీతం కంటే తక్కువ. ఆ చెక్కును మూడు రోజులు బ్యాంకులో వేయకుండా దాచుకున్నాను. బీమా పత్రాలు వచ్చాయి. పీఎఫ్‌లో నామినీ పేరు మారింది. ఆ తర్వాత కొత్త లేఖ రాశాను, మూడు వాక్యాలు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

లేఖ ఇచ్చిన సాయంత్రం మళ్లీ లాడ్ బజార్ వెళ్లాను. ఈసారి బ్యాగులో నా పెళ్లినాటి లక్కగాజు ఉంది. రెండు-నాలుగు. పారేయబుద్ధి కాలేదు. చాచా నన్ను గుర్తుపట్టలేదు, నా చేతిని గుర్తుపట్టినట్టున్నాడు. గాజును కుంపటి దగ్గర పట్టుకుని తిప్పాడు. అతుకు దగ్గర మెత్తబడగానే విప్పి, కొంచెం కొత్త లక్క పెట్టి, రెండు కొసలూ కలిపి కర్ర మీద తిప్పాడు. తొడిగాడు. సరిపోయింది. కొత్త లక్క పెట్టినచోట వేలెడు మేర రాళ్లు లేవు.

“ఈ రంగు రాళ్లు ఇప్పుడు వస్తలేవు బేటీ. ఎతికి పెడత. వచ్చే ఆదివారం రా.”

“తొందరేం లేదు చాచా” అన్నాను.